అమ్మ హెర్బేరియంలోని నందివర్ధనం: లేసు శాలువాలో అయిదు రేకులు ఎలా తేవాలి?

స్రవంతి (కాల్గరీ), అక్టోబర్ 4

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఈ వేదికను చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మ 1981లో కాకినాడలో బీఎస్సీ బోటనీ చదివేటప్పుడు చేసిన హెర్బేరియం ఫైలు ఇప్పటికీ మా పుట్టింట్లో ఉంది. మందపాటి షీట్ల మీద ఎండిన మొక్కలు, తెల్లదారంతో వేసిన కుట్లు, కుడివైపు కింద మూలన అమ్మ గుండ్రటి చేతిరాతలో పేరు, కుటుంబం, సేకరించిన చోటు, తేదీ. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు ఫైలును అక్కడే ఉంచి, ఆరు షీట్ల మీద ట్రేసింగ్ కాగితం పరిచి గీసుకుని తెచ్చుకున్నాను. నందివర్ధనం, గన్నేరు, శంఖుపుష్పం, తంగేడు, ఉమ్మెత్త, పారిజాతం.

ఇప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. ఫిబ్రవరి 9న తనకు 65 ఏళ్ళు నిండుతాయి. ఇక్కడి చలికి భుజాల మీద కప్పుకునేలా ఆ పూలతో ఒక లేసు శాలువా అల్లి ఇవ్వాలని నా కోరిక. మెరినో ఊలు, పట్టు కలిసిన సన్నదారం రెండు చిలపలు కొన్నాను. ఒక్కొక్కటి 50 గ్రాములు, 400 మీటర్లు. రంగు మీగడ తెలుపు. సూదులు 3.75 మి.మీ. ఇంతవరకు నేను టోపీలు, స్వెటర్లు, నెమలీక అలల నమూనాతో ఒక స్కార్ఫు అల్లాను.

సమస్య నందివర్ధనంతోనే మొదలైంది. గడుల కాగితం మీద ఆ అయిదు రేకులను నాలుగుసార్లు గీశాను. అల్లితే రెండుసార్లు కూడిక గుర్తులాగా, ఒకసారి పీతలాగా, ఒకసారి ఏమీ కాకుండా వచ్చింది. ఈ పువ్వును వదులుకోవడం నాకు ఇష్టం లేదు. చిన్నప్పుడు మా పెరట్లో అమ్మ పూజకు కోసేది ఇదే పువ్వు. దారి చూపించగలరా?

లక్ష్మీప్రసన్న (ఎడిన్‌బరో), అక్టోబర్ 4

స్రవంతీ, స్వాగతం. పీత రావడానికి నీ చేతిలో లోపమేమీ లేదు.

ముందు గడుల సంగతి. గడుల కాగితంలో గడి చదరంగా ఉంటుంది, కుట్టు చదరంగా ఉండదు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. కాగితం మీద గుండ్రంగా గీసిన పువ్వు అల్లికలో అణిగిపోయి కనిపిస్తుంది. అది సులభంగా సరిదిద్దుకోవచ్చు. అసలు చిక్కు మరొకటి ఉంది. లేసులో మనం గీసే గీత దేనితో ఏర్పడుతుంది? సూది మీద దారం చుట్టితే ఒక కన్నం. ఆ పెరిగిన కుట్టుకు లెక్క సరిపోవాలంటే పక్కనో, కొంచెం దూరంలోనో రెండు కుట్లు కలపాలి. ఆ కలిపిన చోట కుట్టు కుడికైనా వాలుతుంది, ఎడమకైనా వాలుతుంది. మూడు కలిపితే నిటారుగా నిలుస్తుంది. మన దగ్గర ఉన్న దిక్కులు ఇవే. వీటితో నాలుగు రేకులు, ఆరు రేకులు, ఎనిమిది రేకులు హాయిగా వస్తాయి. అయిదో రేకు వచ్చేసరికి ఎటు వాల్చాలో తెలియక చెయ్యి ఆగిపోతుంది.

అందుకే పాతకాలపు అల్లికల్లో పూలను ఉన్నదున్నట్టు దింపే ప్రయత్నం తక్కువ. ఇక్కడ స్కాట్లాండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. వాటిలో అన్‌స్ట్ అనే దీవి ఉంగరంలోంచి దూరిపోయే సన్నటి శాలువాలకు పేరు పొందింది. అక్కడి నమూనాల పేర్లు పిల్లి పాదం, ఫెర్న్ ఆకు, అల జాడ. చూస్తే నాలుగైదు కన్నాలు మాత్రమే ఉంటాయి. కానీ పేరు వినగానే కన్నుకు ఆ రూపం తోస్తుంది.

కాబట్టి నా సలహా, నందివర్ధనాన్ని పూర్తిగా దించవద్దు. ఒక్క రేకును తీసుకుని, దాన్నే వరుసలుగా పేర్చు.

రమాదేవి (విశాఖపట్నం), అక్టోబర్ 5

లక్ష్మిగారు చెప్పింది నిజమే కానీ పువ్వును పువ్వులా చూపించిన ఊరు కూడా ఒకటుంది. ఎస్టోనియా పడమటి తీరంలోని హాప్సలు. 19వ శతాబ్దంలో అక్కడి సముద్రపు బురదతో వైద్యం చేసేవారు. దానికోసం రష్యా సంపన్నులు వచ్చేవారు, వారికి అమ్మడానికి ఆ ఊరి ఆడవాళ్ళు శాలువాలు అల్లేవారు. వారి నమూనాల్లో నాకు ప్రాణమైనది లిల్లీ ఆఫ్ ది వ్యాలీ. చిన్న తెల్లటి గంటల్లాంటి పూలు కాడకు వేలాడుతున్నట్టే ఉంటాయి. ఆ గంటలను కన్నాలతో కాదు, బొడిపెలతో చేస్తారు. వాళ్ళ భాషలో వాటిని నుప్ అంటారు.

చేసే తీరు ఇది. ఒకే కుట్టులోంచి నిట్ (నునుపుగా కనిపించే సాదా కుట్టు), దారం చుట్టు, నిట్, దారం చుట్టు, నిట్. ఒకటి అయిదు అవుతుంది. ఏడు, తొమ్మిది కూడా చేస్తారు. వెనక వరుసలో ఆ అయిదింటినీ కలిపి ఒకటిగా పర్ల్ (నిట్‌కు ఎదురు కుట్టు) చేయాలి. చేసేటప్పుడు అయిదు కుట్లనూ బాగా వదులుగా లాగి ఉంచుకోకపోతే తిరుగు వరుసలో సూది దూరదు. సన్నటి కొక్కెం సూదితో లాగితే సులువు.

నందివర్ధనం మొగ్గలను అలా చేసి చూడు తల్లీ. పువ్వు చుట్టూ మొగ్గలు నిండుగా ఉంటే ఎంత బాగుంటుంది!

సత్యవతి (నరసాపురం), అక్టోబర్ 5

అమ్మాయీ, నేను ఊలు పట్టినదాన్ని కాను. మాది నూలుదారం, కొక్కెం సూది. మా అమ్మమ్మ, మా అమ్మ, నేను, ముగ్గురమూ లేసు అల్లినవాళ్ళమే. అయినా మీ మాటలు చదివాక ఒకటి చెప్పాలనిపించింది.

మీరంతా పువ్వును కింది నుంచి పైకి అల్లుతున్నారు. గోడ కట్టినట్టు వరుస మీద వరుస. పువ్వు అలా పూయదు కదా. మేము ఎప్పుడూ నడిమధ్య నుంచే మొదలుపెడతాము. నాలుగైదు గొలుసు కుట్లు వేసి ముడి పెడితే చిన్న చక్రం. ఆ చక్రంలోంచి ఎన్ని రేకులు కావాలంటే అన్ని. అయిదు కావాలా, అయిదు. తొమ్మిది కావాలా, తొమ్మిది. లెక్క తేడా ఉండదు. మీ ఊలు అల్లికలో నడిమధ్య నుంచి మొదలుపెట్టే పద్ధతి లేదా?

లక్ష్మీప్రసన్న (ఎడిన్‌బరో), అక్టోబర్ 5

సత్యవతిగారూ, ఉంది! నేను చదునైన అల్లిక దగ్గరే ఆగిపోయి ఆలోచించాను. మీరు ఒక్క మాటతో తలుపు తీశారు.

జర్మనీకి చెందిన హెర్బర్ట్ నీబ్లింగ్ చేసిన బల్లగుడ్డల నమూనాలు చూస్తే పూలు, ఆకులు అన్నీ నడుమ నుంచే విచ్చుకుంటాయి. స్రవంతీ, నా పాత సలహాను పక్కన పెట్టు. నడుమ నుంచి అల్లు. ఇప్పుడు లెక్క చెబుతాను, ఇది రాస్తుంటేనే నాకు ఒళ్ళు పులకరిస్తోంది.

వృత్తం ముడతలు పడకుండా, గిన్నెలా లోతుగా మారకుండా చదునుగా పరుచుకోవాలంటే ప్రతి చుట్టుకూ కొన్ని కుట్లు పెరగాలి. ఎన్ని? ఒక చుట్టు పెరిగితే చుట్టుకొలత రెండు పైలు (పై అంటే సుమారు 3.14) ఇంటూ చుట్టు ఎత్తు మేరకు పెరుగుతుంది. సాదా అల్లికలో కుట్టు ఎత్తు దాని వెడల్పులో సుమారు 0.72 వంతు. అంటే చుట్టుకు దాదాపు నాలుగున్నర కుట్లు పెరగాలి. నీ పువ్వుకు రేకులు అయిదు. రేకుకు ఒక కుట్టు చొప్పున పెంచితే చుట్టుకు అయిదు! ఆ అర కుట్టు ఎక్కువైనది తడిపి సాగదీసినప్పుడు సర్దుకుంటుంది. లేసు కాబట్టి ఆ వదులు ఉండడమే మంచిది.

పది కుట్లతో మొదలుపెట్టి అయిదు భాగాలు చెయ్యి. ప్రతి చుట్టులో ప్రతి భాగం మొదట్లో ఒకసారి దారం చుట్టు, మిగిలినదంతా నిట్. ఎక్కడా కలపడం అవసరం లేదు. పెంపు ఒకే పక్కన జరుగుతుంది కాబట్టి కన్నాల గీత నిటారుగా పోకుండా వంపు తిరుగుతుంది. అయిదు కన్నాల గీతలు అయిదు వంపులు. మధ్యలో మెలి తిరిగిన రేకులు. నందివర్ధనం చేసేది అదే కదా!

తుమ్మిపువ్వు (కడప), అక్టోబర్ 6

నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా ఆవిడ అల్లికలు చేస్తుంది, ఈ చర్చను ఆమే చూపించింది. ఎవరో అమ్మాయి తన తల్లి హెర్బేరియం గురించి ఇంత ప్రేమగా రాయడం చదివి ఊరుకోలేకపోయాను.

అమ్మా స్రవంతీ, మెలి విషయంలో ఒక జాగ్రత్త. నందివర్ధనం, గన్నేరు ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటికీ అయిదు రేకులే. రెండింటిలోనూ ఒక రేకు అంచు పక్క రేకును కప్పుతూ చక్రంలా మెలి తిరుగుతుంది. కానీ రెండు పూలూ పక్కపక్కన పెట్టి ముఖంలోకి చూడండి, ఒకటి ఒకవైపు తిరిగితే మరొకటి ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి మీ కన్నాల గీత ఎటు వంగిందో అదే పువ్వు పేరును నిర్ణయిస్తుంది. తప్పు దిక్కుకు అల్లితే అమ్మగారి కంటికి అది నందివర్ధనం కాకపోవచ్చు.

మరొక మాట. అదిమిన పువ్వును చూసి గీసేటప్పుడు అది ఏ ముఖం పైకి పెట్టి అదిమినదో చూసుకోవాలి. వెనకవైపు నుంచి చూస్తే మెలి తారుమారవుతుంది.

మీ అమ్మగారు చదివిన కాకినాడ పక్కనే సామర్లకోట ఉంది కదా. 18వ శతాబ్దం చివర్లో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అక్కడే తోట పెట్టి, కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు మన దేశపు చిత్రకారులతో గీయించాడు. 1795 నుంచి అవి అచ్చయ్యాయి. ఆ బొమ్మల్లో ఒక పద్ధతి ఉంది. కొమ్మ అంతా ఒక పక్కన గీసి, పువ్వును విడదీసి ఒక్కో భాగాన్ని విడిగా చూపిస్తారు. రేకు విడిగా, కేసరం విడిగా. లక్ష్మీప్రసన్నగారు మొదట చెప్పిన ఒక్క రేకు ఆలోచనను కూడా పూర్తిగా వదిలేయకండి. నడుమ పువ్వు, అంచున విడి రేకులు పెట్టవచ్చు.

స్రవంతి (కాల్గరీ), అక్టోబర్ 7

మీరందరూ ఒక్క రాత్రిలో నా సమస్యను తీర్చేశారు. సత్యవతిగారూ, మీ మాట చదివి అమ్మకు వినిపించాను. పేరు చెప్పలేదు, శాలువా సంగతి చెప్పలేదు, కేవలం "పువ్వు గోడలా పూయదు" అన్న మాట. "ఎవరన్నారో కానీ సరిగ్గా అన్నారు" అంది.

మాస్టారూ, నా ట్రేసింగులో రేకులు ఎటు తిరిగాయో చూసి అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు రెండు సందేహాలు. ఒకటి, ఉన్న 800 మీటర్లతో పూర్తి వృత్తం అవుతుందా? రెండు, రమాదేవిగారు చెప్పిన బొడిపె మొగ్గలు ఎక్కడ పెట్టాలి?

అనూష (బెంగళూరు), అక్టోబర్ 7

మొగ్గల విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది, రమాదేవిగారు ఏమీ అనుకోకూడదు. హాప్సలు బొడిపెలు నాకూ ఇష్టమే. కానీ స్రవంతి అల్లుతున్నది చెట్టు మీది పువ్వును కాదు, షీటు మీద అదిమిన పువ్వును. దానికి ఉబ్బు ఉండదు. గుండ్రటిదంతా చదునైపోయి ఉంటుంది. రేకు గాజులా పలచబడి లోపలి ఈనెలు పైకి తేలతాయి. నాకు అదిమిన పూలలో నచ్చేదే అది. బొడిపె పెట్టిన మరుక్షణం ఆ పువ్వు మళ్ళీ తోటలోకి వెళ్ళిపోతుంది.

ఇంకొకటి. హెర్బేరియం షీటును గుర్తు తెచ్చుకోండి. పువ్వు కన్నా ఖాళీ కాగితమే ఎక్కువ. శాలువా అంతా పూలతో నింపకుండా నడుమ ఒక్క పువ్వు పెట్టి, చుట్టూ సాదాగా వదిలేస్తే?

రమాదేవి (విశాఖపట్నం), అక్టోబర్ 8

అనూషా, అనుకోవడానికి ఏముంది, నువ్వు చెప్పింది రాత్రంతా ఆలోచించాను. నా దగ్గర అమ్మాయి పెళ్ళినాటి మల్లెపూలు ఒక పుస్తకంలో ఉన్నాయి. తీసి చూశాను. నిజమే, మొగ్గ కూడా కాగితంలా అణిగిపోయి ఉంది. బొడిపెలు వద్దు.

కానీ ఖాళీగా వదిలేస్తే కన్నాల గీతలు అంచు దాకా సాగిపోతాయి కదా? పెంపు ఆపితే వృత్తం గిన్నె అవుతుంది.

లక్ష్మీప్రసన్న (ఎడిన్‌బరో), అక్టోబర్ 8

పెంపు ఆపనక్కర్లేదు, కన్నాన్ని ఆపితే చాలు. నలభై చుట్ల వరకు దారం చుట్టుతో పెంచు. అప్పటికి 210 కుట్లు ఉంటాయి, పువ్వు పూర్తవుతుంది. నలభై ఒకటో చుట్టు నుంచి రెండు కుట్ల మధ్య ఉన్న అడ్డదారాన్ని ఎత్తి, మెలిపెట్టి నిట్ చెయ్యి. కుట్టు పెరుగుతుంది, కన్నం కనబడదు. పువ్వు అక్కడితో ఆగి, చుట్టూ కాగితం మొదలవుతుంది.

లెక్కల టీచరు (హనుమకొండ), అక్టోబర్ 8

స్రవంతిగారి మొదటి సందేహానికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఊలు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి వంటింటి త్రాసు చాలు.

నడుమ నుంచి అల్లే వృత్తంలో కంటికి కనిపించేది మోసం చేస్తుంది. వ్యాసార్ధం సగానికి చేరినప్పుడు సగం పని అయిందని అనుకుంటాము. వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అప్పటికి అయింది పావు వంతే. సగం ఊలు అయిపోయేసరికి వ్యాసార్ధం పూర్తి కొలతలో 70 శాతానికి చేరి ఉంటుంది.

కాబట్టి ఇలా చేయండి. సరిగ్గా 25 గ్రాములు ఖర్చయినప్పుడు ఆపి ఎన్ని చుట్లు అయ్యాయో లెక్కపెట్టండి. మీ దగ్గర మొత్తం 100 గ్రాములు, అంటే నాలుగు రెట్లు. చుట్లు రెండు రెట్లు అవుతాయి. 82 చుట్లు అయితే మొత్తం 164 దగ్గర ఆగిపోతారు. ఆ కొలత చాలదనుకుంటే అప్పుడే మూడో చిలప కొనుక్కోండి.

వసుధ (హైదరాబాద్), అక్టోబర్ 9

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా ఊరి ఎండకు ఊలు కష్టం. ఇదే నమూనాను నూలుదారంతో చేయవచ్చా?

లక్ష్మీప్రసన్న (ఎడిన్‌బరో), అక్టోబర్ 9

చేయవచ్చు, కానీ ఊలు తడిపి సాగదీసి ఆరబెడితే ఆ ఆకారాన్ని పట్టుకుని ఉంటుంది. నూలు అలా పట్టుకోదు. బరువుకు కిందికి జారుతుంది. చిన్న కొలతలో, భుజాల వరకే చేసుకో. యాక్రిలిక్ అయితే తడిపినా లాభం లేదు, ఆవిరి పట్టాలి. ఆవిరి ఎక్కువైతే దారం జీవం పోయి వేలాడుతుంది.

స్రవంతి (కాల్గరీ), నవంబర్ 2

నెల తరవాత వస్తున్నాను. మంచి వార్త, చెడ్డ వార్త రెండూ ఉన్నాయి.

25 గ్రాములకు 81 చుట్లు వచ్చాయి. టీచరుగారి లెక్క ప్రకారం 162 దగ్గర ఊలు అయిపోతుంది. నాకు 178 చుట్లు కావాలి. మూడో చిలప కోసం అదే దుకాణానికి వెళ్ళాను. అదే రంగు, కానీ రంగు వేసిన బ్యాచి వేరు. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు, అల్లిన దాని పక్కన పెడితే కాస్త నీలిగా, చల్లగా ఉంది.

చెడ్డ వార్త ఇది. నిన్న అమ్మ నా అల్లిక చూసేసింది. దాచలేకపోయాను. నడుమ పువ్వును వేలితో తడుముతూ చాలాసేపు చూసి, "బాగుంది, గన్నేరా?" అంది.

మాస్టారూ, నేను ట్రేసింగులో ఉన్నట్టే అల్లాను. 81 చుట్లు అల్లాక ఇలా అయింది. చాలా బాధగా ఉంది.

తుమ్మిపువ్వు (కడప), నవంబర్ 2

అమ్మా, విప్పకండి. ముందు ట్రేసింగు తీసి ఒకటి చూసి చెప్పండి. పువ్వు నడిమధ్య నుంచి రేకుల మీదుగా సన్నటి కాడలాంటిది గీశారా? దాని చివర చిన్న పళ్ళ వంటివి ఉన్నాయా?

స్రవంతి (కాల్గరీ), నవంబర్ 2

ఉంది! నడుమ నుంచి కిందికి ఒక రేకు మీదుగా రెండు సెంటీమీటర్ల కాడ. చివర అయిదు చిన్న పళ్ళు. తొడిమ అనుకుని గీశాను, అల్లికలో వదిలేశాను.

తుమ్మిపువ్వు (కడప), నవంబర్ 3

అది తొడిమ కాదు. నందివర్ధనం రేకుల కింద సన్నటి గొట్టం ఉంటుంది, దాని అడుగున అయిదు రక్షక పత్రాలు ఉంటాయి. పువ్వును ముఖం పైకి పెట్టి అదిమితే ఆ గొట్టం రేకుల వెనక దాగుతుంది. మీకు రేకుల పైన కనిపించిందంటే ఆ పువ్వును బోర్లా అదిమారు. మీరు గీసింది పువ్వు వీపును.

ఇది మీ అమ్మగారి పొరపాటు కూడా కాదు. మేము విద్యార్థులకు చెప్పేదే అది. షీటు మీద రెండు పూలు ఉంటే ఒకటి ముఖం పైకి, ఒకటి బోర్లా పెట్టాలి, రెండు వైపులా కనబడాలి. అలాగే ఒక ఆకునూ తిరగేసి పెట్టిస్తాము. ఆ షీటు మీద రెండో పువ్వు ఉందేమో అమ్మగారిని అడగండి.

సత్యవతి (నరసాపురం), నవంబర్ 3

తల్లీ, బాధపడకు. విప్పడం ఎందుకు? శాలువాను తిరగేసి కప్పుకుంటే సరిపోతుంది కదా. ఇటు గన్నేరు, అటు నందివర్ధనం.

లక్ష్మీప్రసన్న (ఎడిన్‌బరో), నవంబర్ 3

సత్యవతిగారూ, తిరగేస్తే పర్ల్ వైపు పైకి వస్తుంది, నునుపు ఉండదు, చిన్న చిన్న గుట్టలుగా ఉంటుంది. కొందరికి అది నచ్చదు. కానీ లేసులో కన్నాలు రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి. స్రవంతీ, విప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. విప్పితే మూడు వారాల పని. పెంపును ప్రతి భాగం మొదట్లో కాకుండా చివర్లో పెడితే మెలి అటు తిరుగుతుంది.

ఏం చేసినా ఈ రాత్రికే ఒక రక్షణ దారం వెయ్యి. సన్నటి నూలుదారాన్ని సూదిలో ఎక్కించి, ఇప్పుడున్న చుట్టులోని కుట్లన్నింటిలోంచి దూర్చి వదిలేయాలి. తరవాత పైన ఏది జారిపోయినా అక్కడికి వచ్చి ఆగుతుంది. ప్రతి ఇరవై చుట్లకు ఒకటి. నేను అది లేకుండా అల్లి ఒకసారి నాలుగు వేల కుట్లు పోగొట్టుకున్నాను.

స్రవంతి (కాల్గరీ), నవంబర్ 5

అమ్మకు అంతా చెప్పేశాను. దాచడానికి ఇంకేమీ లేదు. షీటు మీద రెండో పువ్వు ఉందా అని అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఉండాలి, పై కొమ్మకు. ముఖం కనబడేది అదే. ఈ కిందిదాన్ని కావాలనే బోర్లా పెట్టాను, రక్షక పత్రాలు లెక్కపెట్టడానికి" అంది. తమ్ముడికి ఫోను చేసి ఫొటో పంపమన్నాను. ఉంది. పై పువ్వు రేకులు ముడుచుకుని గోధుమరంగులో ఆకులో కలిసిపోయాయి, అందుకే నాకు కనబడలేదు. నలభై ఏళ్ళకు పైగా గడిచాక ఏ పువ్వును ఎటు పెట్టిందో గుర్తుంది అమ్మకు.

విప్పమంటావా అని అడిగాను. "వద్దు, నేను పెట్టినట్టే ఉండనీ" అంది. తను లోపలి వైపు తిరగేసి చూసి, "ఇదిగో, పై కొమ్మది ఇక్కడుంది" అని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

కాబట్టి సత్యవతిగారూ, మీరు చెప్పినట్టే రెండు వైపులా కప్పుకునే శాలువా. పర్ల్ గుట్టలు ఉంటే ఉండనీ.

ఇప్పుడు మిగిలింది మూడో చిలప రంగు.

రమాదేవి (విశాఖపట్నం), నవంబర్ 6

కళ్ళు చెమర్చాయి తల్లీ.

రంగు గురించి. తేడా ఎలాగూ ఉంది, దాన్ని దాచే ప్రయత్నం మానుకుని పెంచు. తెల్లటి పూలు అదిమితే ముందుగా అంచులే గోధుమరంగుకు తిరుగుతాయి. మూడో చిలపను టీ కషాయంలో ముంచు. టీలోని వగరు ఊలునూ పట్టునూ దానంతట అదే పట్టుకుంటుంది, రంగు నిలవడానికి పటిక కూడా అక్కర్లేదు. చివరి చుట్లు, అంచు ఆ దారంతో అల్లితే శాలువా అంచు కూడా అదిమిన రేకులాగే ఉంటుంది.

జాగ్రత్తలు చెబుతాను. చిలపను మూడు నాలుగు చోట్ల వదులుగా కట్టు, లేకపోతే చిక్కుపడుతుంది. ముందు గోరువెచ్చటి నీటిలో నాననివ్వు. కషాయాన్ని బాగా వడకట్టు, టీ పొడి అంటిన చోట మచ్చ పడుతుంది. మరిగించకు, పిసకకు, వేడినీటిలోంచి తీసి చన్నీటిలో వేయకు. ఊలు బిగుసుకుపోతుంది. అదే నీటిలో చల్లారనివ్వు. మొదట మూరెడు దారంతో చేసి ఆరాక చూడు, తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపిస్తుంది.

సత్యవతి (నరసాపురం), నవంబర్ 6

అంచు ఎలా ముగిస్తావు అమ్మాయీ? తొమ్మిది వందల కుట్లు ఒక్కొక్కటే మూస్తే బిగుతుగా అయిపోతుంది, సాగదీయడానికి వీలుండదు. ఇది మా కొక్కెం సూదికి వదిలెయ్యి. అయిదు కుట్లను కలిపి ఒక్క కుట్టుగా పట్టు, పది గొలుసులు వెయ్యి, మళ్ళీ అయిదు కుట్లు పట్టు. ఆ గొలుసు వంగి ఒక వంకు అవుతుంది, వంకు తరవాత వంకు. 180 వంకులు వస్తాయి. మాస్టారు చెప్పిన విడి రేకులు అవే అవుతాయి. గొలుసు మరీ గట్టిగా లాగకు. చేతికి తెలుస్తుంది.

స్రవంతి (కాల్గరీ), జనవరి 28

అయింది.

162 కాదు, 160 చుట్లకే తెల్లదారం అయిపోయింది. అక్కడి నుంచి టీ దారం. మొదటి రెండు చుట్లు గీత గీసినట్టు కనిపించాయి, మనసు కుంగింది. తరవాత అలవాటైంది. 131వ చుట్టులో ఎక్కడో పెంపు మరిచిపోయి, 137లో తెలిసింది. రక్షణ దారం 120 దగ్గర ఉండడంతో పదిహేడు చుట్లతో బయటపడ్డాను. లక్ష్మిగారూ, మీకు రుణపడి ఉన్నాను.

సూదుల మీద నుంచి దించినప్పుడు అది నలిగిన గుడ్డలా ఉంది. అరగంట గోరువెచ్చటి నీటిలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, పిల్లల ఆటగదిలో నురుగు చాపల మీద పరిచాము. నడుమ ఒక గుండుసూది గుచ్చి, దానికి 60 సెంటీమీటర్ల దారం కట్టి అమ్మ ముగ్గు వేసినట్టు చుట్టూ గుర్తులు పెట్టింది. నేను వంకులను ఆ గుర్తుల దాకా లాగి గుచ్చాను. మూడు వంకులకు ఒక సూది. మధ్యాహ్నం మొదలుపెడితే చీకటి పడింది. సాగుతున్నకొద్దీ కన్నాలు తెరుచుకుని అయిదు రేకులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వ్యాసం 120 సెంటీమీటర్లు.

ఆరాక అమ్మ మొదట చూసింది అంచును. "వర్షాకాలంలో కాగితాలు మార్చడం ఆలస్యమైతే పూలకు సరిగ్గా ఈ రంగే వచ్చేది. మా మేడమ్ మార్కులు తగ్గించేవారు" అంది. సగానికి మడిచి, నేను గన్నేరు అల్లిన వైపు లోపలికి పెట్టి కప్పుకుంది.

తుమ్మిపువ్వు (కడప), జనవరి 29

అమ్మగారికి ముందుగా జన్మదిన శుభాకాంక్షలు. ఒక విద్యార్థి హెర్బేరియాన్ని ఎవరైనా ఇంత శ్రద్ధగా దిద్దడం నేను చూడలేదు. ఒక కోరిక. శాలువా అంచున చిన్న చీటీ కుట్టండి. పేరు, కుటుంబం, సేకరించిన చోటు, తేదీ.

వసుధ (హైదరాబాద్), జనవరి 30

నేను నూలుదారంతో మొదలుపెట్టాను, 34వ చుట్టులో ఉన్నాను. భుజాల వరకే కాబట్టి 100 చుట్లు చాలనుకుంటున్నాను. అంటే 510 కుట్లు. అయిదేసి పడితే 102 వంకులు వస్తాయి. నూలుకు పది గొలుసులు ఎక్కువవుతాయా?

సత్యవతి (నరసాపురం), జనవరి 30

నూలు సాగదు కాబట్టి పది బరువవుతాయి, ఎనిమిది చాలు. మొదటి ఆరు వంకులు అల్లి బల్ల మీద పరిచి చూడు. అంచు లోపలికి లాగుతుంటే ఒక గొలుసు పెంచు, అలలా లేస్తుంటే ఒకటి తగ్గించు. చూసి ఇక్కడే చెప్పు, నేను రాత్రి తొమ్మిది తరవాత ఉంటాను.